గెలిచేదెవరు? 1975 వింబుల్డన్ ఫైనలూ, మా లెక్కలూ

మొన్న ఉగాదికి మన సంఘం సభలో పంచాంగ శ్రవణం ముగిసి, అందరూ పులిహోర పళ్ళేల దగ్గర చేరిన వేళ, హైస్కూల్లో టెన్నిస్ ఆడే కుర్రవాడొకడు నా దగ్గరికి వచ్చి, "తాతగారూ, మీరు ఇన్స్యూరెన్స్ కంపెనీలో ఎవరు ఎన్నాళ్ళు బతుకుతారో లెక్కలు కట్టేవారట గదా, ఈసారి వింబుల్డన్ ఎవరు గెలుస్తారో చెప్పండి" అన్నాడు. "నాయనా, ఆ వ్యాపారం నేను 1975 జులై 5వ తేదీ సాయంత్రం కట్టిపెట్టేశాను" అన్నాను. అదేమిటో చెప్పమని కూర్చున్నాడు. సగం చెప్పేసరికి వాళ్ళ అమ్మగారు కారు స్టార్ట్ చేశారు. మిగతా సగం రాసి ఇమ్మని సంపాదకుల ఆజ్ఞ. కథతోపాటు కొంత చరిత్ర కూడా చెప్పక తప్పదు. పాఠకులు ఓపిక పట్టాలి.

అప్పట్లో మేము ఒహాయోలో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఏడో ఎనిమిదో. ఆ ఏడు జులై 4 శుక్రవారం పడింది. మర్నాడు శనివారం అందరం ఒక మిత్రుడి ఇంట్లో చేరాం. ఆయన నాకు వరసకి ఏమీ కాకపోయినా బావగారూ అనే పిలుపు. ఆయన భార్య నాకు చెల్లెమ్మగారు, ఆస్పత్రిలో మత్తుమందు విభాగంలో రెసిడెన్సీ చేస్తుండేవారు. వింబుల్డన్ పురుషుల ఫైనల్ ఆ రోజుల్లో శనివారమే జరిగేది. ఆదివారానికి మారింది 1982లో. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆటని జరుగుతున్నది జరుగుతున్నట్టు చూసే భోగం 1979లో గాని రాలేదు. అంతవరకు టేపు చేసినదాన్ని తరువాత చూపించేవారు. అంచేత మేము టీవీ ముందు కూర్చునే సరికి లండన్‌లో ఆట అయిపోయింది, కప్పు ఇవ్వడమూ అయిపోయింది. ఎవరూ రేడియో పెట్టకూడదని ఒట్టు వేసుకుని, అయిపోయిన ఆట మీద మేము పందెం కాశామన్న మాట.

పందెం ఏమిటంటే, ఓడినవాళ్ళు మరుసటి ఆదివారం అన్ని కుటుంబాలకీ ఉప్మా, కాఫీ చేసి పెట్టాలి. జిమ్మీ కానర్స్ గెలుస్తాడని మగవాళ్ళందరం ఒక పక్క. ఆర్థర్ ఆష్ గెలుస్తాడని చెల్లెమ్మగారు ఒక్కరే ఒక పక్క. మిగతా ఆడవాళ్ళు, ఎలాగైనా వంట తప్పేలా ఉంది గదా అని, ఏ పక్కా చేరలేదు.

నేను లెక్కలవాణ్ణి గనుక కవరు వెనక పెన్సిలుతో అంకెలు వేశాను. కానర్స్ 1974లో 99 ఆటలు గెలిచి నాలుగే ఓడాడు. ఆ ఏడు ఆస్ట్రేలియా, వింబుల్డన్, అమెరికా మూడు చోట్లా కప్పు అతనిదే. వింబుల్డన్ ఫైనల్లో రోజ్‌వాల్‌ని 6-1, 6-1, 6-4తోనూ, అమెరికా ఫైనల్లో అదే రోజ్‌వాల్‌ని 6-1, 6-0, 6-1తోనూ ఓడించాడు. ఆ పెద్దమనిషికి అప్పటికి 39 ఏళ్ళు, చూడలేకపోయాం. 1974 జులై నుంచి కంప్యూటర్ జాబితాలో మొదటి పేరు కానర్స్‌దే. ఈ వింబుల్డన్‌లో ఫైనల్ దాకా ఒక్క సెట్ కూడా ఓడలేదు. సెమీఫైనల్లో రాస్కో టానర్ అంతటి పిడుగు సర్వీసువాణ్ణి 6-4, 6-1, 6-4తో ఇంటికి పంపాడు. కానర్స్‌కి 22 ఏళ్ళు. ఆష్‌కి మరో ఐదు రోజుల్లో 32 నిండుతాయి. అన్నిటికీ మించి, ఇద్దరూ అంతకుముందు మూడుసార్లు తలపడితే మూడుసార్లూ కానర్సే. కవరు మీద "కానర్స్ 9, ఆష్ 1" అని రాసి, గీత గీసి, సంతకం కూడా పెట్టాను.

ఆట గెలుపు ముందే చెప్పాలన్న కోరిక మనకి కొత్తది కాదు. మన కుక్కుటశాస్త్రం ఉన్నదే అందుకు. డేగ, కాకి, నెమలి, కౌజు అని కోళ్ళని రంగుని బట్టి విడదీసి, ఏ వారం, ఏ నక్షత్రం, ఏ జాములో ఏ రంగు కోడి దేన్ని గెలుస్తుందో, ఏ దిక్కునుంచి బరిలోకి దింపాలో అంతా చెబుతుంది. పల్నాటి కథలో నాగమ్మ కోడి గెలిచి, బ్రహ్మనాయుడి వర్గం ఏడేళ్ళు వలస పోవలసి వచ్చిందంటారు. కోడి గెలుపు ఎంత దూరం పోగలదో మనవాళ్ళకి తెలుసు. నవ్వకండి. ఆ శాస్త్రం చేసే పని, నా కవరు చేసిన పని, ఒకటే. వచ్చినవాడు ఏ జాతివాడో తేల్చి, ఆ జాతి ఇంతకుముందు ఏం చేసిందో చూసి, ఇక ముందూ అదే చేస్తుందనడం.

టెన్నిస్ విషయంలో ఈ లెక్కల మీద మొదట కాగితం పెట్టినవారిలో ఒకరు, చిత్రమేమిటంటే, 'ఆలిస్' కథలు రాసిన లూయీ కారొల్. ఆయన అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల పంతులు. వింబుల్డన్ పోటీలు 1877లో మొదలయ్యాయి. 1883లో ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి, ఒకసారి ఓడితే ఇంటికే అనే పద్ధతి అన్యాయమని వాదించాడు. 32 మంది చీట్లు వేసుకుని ఆడితే, అందరిలోకీ మొదటివాడు ఎటూ గెలుస్తాడనుకుందాం. నిజంగా రెండవవాడైన మనిషికి రెండవ బహుమతి రావాలంటే అతను మొదటివాడున్న సగంలో పడకూడదు. మిగిలిన 31 స్థానాల్లో అవతలి సగానివి 16. అంటే 31కి 16 పాళ్ళు, సగానికి ఒక వెంట్రుక ఎక్కువ. ఆయన సూచించిన మార్గాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది ఆడడం కంటే అర్థం చేసుకోవడం కష్టం.

ఆయన చెప్పిన జబ్బుకి మందు సీడింగ్ రూపంలో వచ్చింది. వింబుల్డన్‌లో పూర్తి సీడింగ్ 1927 నుంచి ఉంది. గొప్ప ఆటగాళ్ళని ముందే వరసపెట్టి, మొదట్లోనే ఒకరితో ఒకరు తలపడకుండా డ్రాలో దూరదూరంగా నాటడమే సీడింగ్. పేరు కూడా అందుకు తగిందే. ఒక విధంగా చూస్తే అది నిర్వాహకులే అచ్చు వేయించి గోడకి అంటించే జోస్యం. మన రామనాథన్ కృష్ణన్ 1960లోనూ 1961లోనూ సెమీఫైనల్ చేరాడు. ఆ రెండుసార్లూ అతన్ని ఓడించినవాడే, మొదట ఫ్రేజర్, తరువాత లేవర్, కప్పు పట్టుకుపోయాడు. దాంతో 1962లో కృష్ణన్‌ని నాలుగో సీడుగా వేశారు. మా మద్రాసు హాస్టల్లో ఈసారి మనదే అనుకున్నాం. చీలమండ బెణికి మధ్యలోనే విరమించుకున్నాడు. గోడకి అంటించిన కాగితంలో చీలమండ ప్రసక్తి ఉండదు.

ఎవరు ఎంతటివాడన్నది 1973 దాకా కమిటీలూ పత్రికలవాళ్ళూ తేల్చేవారు. ఆ ఏడు ఆగస్టు 23న ఆటగాళ్ళ సంఘం మొదటి కంప్యూటర్ జాబితా విడుదల చేసింది. అందులో మొదటివాడు రుమేనియా దేశపు నాస్టాసీ. ఇక చదరంగంలో అయితే అప్పటికే మరో మంచి పద్ధతి ఉంది. మిల్వాకీలో మార్కెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే అర్పాడ్ ఎలో అనే ఆచార్యుడు, హంగరీలో పుట్టి ఇక్కడికి వచ్చినవాడు, దాన్ని తయారు చేశాడు. ప్రతి ఆటగాడికీ ఒక అంకె. ఇద్దరి అంకెల మధ్య తేడాని బట్టి ఎవరికి ఎంత అవకాశమో తెలుస్తుంది. బలవంతుణ్ణి ఓడిస్తే అంకె ఎక్కువ పెరుగుతుంది, బలహీనుణ్ణి ఓడిస్తే కొంచెమే. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని స్వీకరించింది. ఇప్పుడు టెన్నిస్ జోస్యాలు చెప్పేవాళ్ళలో చాలామంది వాడేది ఆ పద్ధతినే, కొద్ది మార్పులతో. ఫిషర్ జ్వరం తగిలి చదరంగం పుస్తకాలు తిరగేస్తున్న నేను ఆ రోజు దాన్నే అరకొరగా టెన్నిస్‌కి అతికించాను.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మన పిల్లల్లో లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళు వేసి చూసుకోవచ్చు. టెన్నిస్‌లో పాయింట్లు కలిసి గేమ్, గేములు కలిసి సెట్, సెట్లు కలిసి మ్యాచ్. ప్రతి మెట్టు దగ్గరా చిన్న తేడా పెద్దదవుతుంది. 100 పాయింట్లలో 51 గెలిచేవాడు, ఎవరు సర్వీస్ చేసినా అంతే అనుకుంటే, గేములు నూటికి 52 కంటే కొంచెం ఎక్కువ, సెట్లు 57, ఐదు సెట్ల మ్యాచులు దాదాపు 63 గెలుస్తాడు. 51 బదులు 55 అయితే గేములు 62, సెట్లు 81, మ్యాచులు 95. అంచేతనే టెన్నిస్‌లో గొప్పవాళ్ళు మాటిమాటికీ గెలుస్తారు, జోస్యం చెప్పేవాళ్ళు మాటిమాటికీ నెగ్గుతారు. ఫెడరర్ 2024లో డార్ట్‌మత్ కళాశాల పిల్లలకి స్నాతకోపన్యాసం ఇస్తూ, తన 1526 సింగిల్స్ ఆటల్లో దాదాపు నూటికి 80 గెలిచానని, కాని పాయింట్లు మాత్రం నూటికి 54 మాత్రమే గెలిచానని చెప్పుకున్నాడు. లెక్క సరిపోయింది.

అయితే ఈ లెక్కకి మరో ముఖం ఉంది. నేను ఆ రోజు గమనించనిది అదే. నేను రాసిన "9–1"ని వెనక్కి విప్పితే, కానర్స్ నూటికి 53, 54 పాయింట్లు గెలుస్తాడని అర్థం, అంతే. మూడు నాలుగు పాయింట్లు చేయి మారితే ఇద్దరూ సమ ఉజ్జీలు. ఏడెనిమిది మారితే నా కవరు తలకిందులు. తొమ్మిదికి ఒకటి అని చూస్తే కొండంత ఎత్తులో కనిపించిన తేడా, పాయింట్లలో చూస్తే గుమ్మం ఎత్తు కూడా లేదు.

టీవీ పెట్టబోయే ముందు నేను చెల్లెమ్మగారిని అడిగాను, ఏం చూసి ఆష్ అంటున్నారని. ఆవిడ చపాతీ పిండి కలుపుతూనే, "ఆయన ఓడిపోతాడని లోకమంతా అంటోంది గదా అన్నయ్యగారూ, ఆ మాట ఆయన చెవిన పడకుండా ఉంటుందా? పడ్డాక కూడా నిన్నటిలాగే ఆడతాడా?" అన్నారు. మేమంతా నవ్వాం. బావగారు అందరికంటే గట్టిగా నవ్వారు.

ఆష్ ఎవరో తెలిస్తే ఆ నవ్వు అంత తేలిగ్గా వచ్చేది కాదు. వర్జీనియా రాష్ట్రంలో రిచ్‌మండ్ ఊరివాడు. నల్లజాతివాళ్ళ కోసం విడిగా పెట్టిన పార్కుకి వాళ్ళ నాన్న కాపలాదారు; ఇల్లూ ఆ పార్కులోనే. తెల్లవాళ్ళ పార్కుల్లో ఆ కుర్రవాడు రాకెట్ పట్టుకోవడానికి వీల్లేదు. లించ్‌బర్గ్‌లో రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే నల్లజాతి డాక్టరు తన ఇంటి వెనక కోర్టులో పిల్లలకి ఆట నేర్పేవాడు. 1957, 1958ల్లో వింబుల్డన్ గెలిచిన ఆల్థియా గిబ్సన్ కూడా ఆయన చేతి మీదుగా వచ్చినదే. ఆయన పెట్టిన నియమం, అంపైరుతో వాదం పెట్టుకోకూడదు; గీతకి కాస్త బయట పడ్డ బంతిని కూడా లోపల పడ్డట్టే ఆడెయ్యాలి. తెల్లవాళ్ళ పోటీల్లో నల్లపిల్లవాడి మీద వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదని. ఆ క్రమశిక్షణతో ఆష్ 1968లో అమెరికా ఓపెన్ గెలిచాడు. దక్షిణాఫ్రికా చాలాకాలం వీసా నిరాకరించి, చివరికి 1973లో ఇచ్చింది. జోహనెస్‌బర్గ్‌లో ఆ ఏడూ మరుసటి ఏడూ ఫైనల్ చేరి, రెండుసార్లూ కానర్స్ చేతిలోనే ఓడాడు. నేను కవరు మీద "3–0" అని రాసినదాంట్లో రెండు అవే. అక్కడి ప్రేక్షకుల ఎదుట ఆ ఓటమి అతనికి ఎలా ఉండి ఉంటుందో నా అంకెలో లేదు.

పైగా ఇద్దరికీ పడదు. ఆష్ ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. కానర్స్ ఆ సంఘంలో చేరనన్నవాడు. దేశం తరఫున డేవిస్ కప్ ఆడడానికి కానర్స్ రానంటే, అది దేశభక్తి లేకపోవడంలా ఉందని ఆష్ ఒక లేఖలో రాశాడు. దాని మీద కానర్స్ పరువునష్టం దావా వేశాడు. సరిగ్గా వింబుల్డన్ రోజుల్లోనే ఈ గొడవ. ఫైనల్‌కి ఆష్ అమెరికా పేరున్న డేవిస్ కప్ కోటు తొడుక్కుని సెంటర్ కోర్టులోకి నడిచి వచ్చాడు. నోటితో ఒక్క మాట అనలేదు.

ఇక ఆట. ఆష్‌ది అంతవరకు ధాటీ అయిన ఆట. సర్వీసూ బాక్‌హాండూ కొరడా దెబ్బల్లా ఉండేవి. కానర్స్‌కి కావలసిందీ అదే. ఎదుటివాడి వేగాన్నే అందుకుని రెట్టింపు చేసి తిప్పికొట్టడం అతని విద్య. టానర్ ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా తిరిగి వచ్చింది. ఫైనల్ ముందు రాత్రి ఆష్ తన మిత్రులతో కూర్చుని దీన్ని ఆలోచించాడు. ఆ మిత్రుల్లోనే కొందరికి భయం, వీడు అవమానం పాలవుతాడేమోనని. మర్నాడు ఆష్ తనకి పేరు తెచ్చిన ఆటనంతా పక్కన పెట్టి, జీవితంలో ఎన్నడూ ఆడనంత మెత్తగా ఆడాడు. బంతికి వేగమే లేదు. కానర్స్ ఫోర్‌హాండ్ వైపు తక్కువ ఎత్తులో చచ్చిన బంతులు, ముందుకు వస్తే నెత్తి మీదుగా లాబ్‌లు. ఎడమచేతివాడైన కానర్స్ బాక్‌హాండ్‌ని కోర్టు బయటికి లాగేలా స్లైస్ సర్వీసు. రెండు చేతులతో కొట్టేవాడికి అంత దూరం చేయి చాచడం కష్టం. విరామాల్లో కుర్చీలో కళ్ళు మూసుకుని, గుళ్ళో కూర్చున్నవాడిలా కదలకుండా కూర్చునేవాడు.

మొదటి సెట్ 6-1, ఆష్. మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. టేపు తప్పుగా చుట్టారేమోనని ఒకాయన జోక్ వేశాడు. రెండో సెట్ కూడా 6-1, ఆష్. ప్రేక్షకుల్లో ఎవరో కానర్స్‌ని ఉత్సాహపరుస్తూ అరిస్తే, ప్రయత్నిస్తూనే ఉన్నానయ్యా అన్నట్టు అతనూ విసుగ్గా అరిచాడు. మూడో సెట్ కానర్స్ 7-5తో లాగాడు. నాలుగో సెట్లో 3-0 ముందుకి పోయాడు. నేను కవరు మళ్ళీ బయటికి తీశాను. ఇదిగో అసలు లెక్క ఇప్పుడు మొదలైందని బావగారికి అంకెలు చూపిస్తున్నాను కూడా. అప్పుడు ఆష్ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. లేచి వచ్చి అదే మెత్తటి ఆటని, విసుగు లేకుండా, కొనసాగించాడు. 6-4. వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాడు. ఆ తరువాత 2025 దాకా యాభై ఏళ్ళలో మరొకరు లేరు.

కానర్స్‌కి ఆ టోర్నమెంటులో కాలికి దెబ్బ తగిలి ఉందన్న సంగతి తరువాత బయటికి వచ్చింది. అది నిజమైనా ఆష్ గొప్ప తగ్గదు, నా జోస్యం పెరగదు. కృష్ణన్ చీలమండ లాగానే కానర్స్ కాలు కూడా నా కవరు మీద లేదు.

నా లెక్క తప్పా? వృత్తిరీత్యా నేను ఇక్కడ కొంచెం మొండిగా ఉండవచ్చు. పదికి ఒకటి అన్నాను. ఆ ఒకటి వచ్చింది. ఒక్క ఆటతో ఏ జోస్యాన్నీ తప్పని తేల్చలేం. వెయ్యిమంది నలభై ఏళ్ళవాళ్ళలో ఏడాదిలో ఎందరు పోతారో మా పట్టిక చెబుతుంది. ఏ ఇంటి ముందు ఏడుపు వినబడుతుందో చెప్పదు. అలా అనుకుని సరిపెట్టుకుని ఉండేవాణ్ణే. కాని చెల్లెమ్మగారి మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది మా ఇన్స్యూరెన్స్‌వాళ్ళకి తెలియని మాట కాదు. పట్టిక చూసి రేటు కడితే, ఒంట్లో జబ్బు ఉందని తెలిసినవాడే అందరికంటే ముందు పాలసీ కొనడానికి వస్తాడు. పట్టికలో ఉన్నవాడు పట్టికని చదువుతాడు. చదివి, తన పని తాను చేసుకుంటాడు. ఉదయం ఆఫీసులో దీనికి తగ్గట్టు రేట్లు సవరించే నేను, సాయంత్రం టీవీ ముందు ఆష్‌ని రాతిబొమ్మలా లెక్క కట్టాను. లోకమంతా చెప్పిన జోస్యం, కానర్స్ ఎలా గెలుస్తాడో ఒక్కొక్క కారణం చొప్పున అతనికి జాబితా రాసి ఇచ్చినట్టయింది. ఆ కారణాల్నే అతను ఒక్కొక్కటి తీసేశాడు.

తరువాతి కాలంలో నెదర్లాండ్స్ గణాంకవేత్తలు క్లాసెన్, మాగ్నస్ ఇద్దరూ 1992 నుంచి 1995 వరకు వింబుల్డన్‌లో ఆడిన 86 వేలకు పైగా పాయింట్లని పరీక్షించారు. 2001లో అచ్చయిన వాళ్ళ వ్యాసంలో తేలిందేమిటంటే, పాయింట్లన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని బొమ్మాబొరుసుల్లా పూర్తిగా ఉండవు. ముందు పాయింట్ గెలిచినవాడికి తరువాతి దాంట్లో కాస్త మొగ్గు, కీలకమైన పాయింట్ దగ్గర సర్వీస్ చేసేవాడికి కాస్త ఇబ్బంది. కాని ఆ తేడా స్వల్పం. అంటే సగటున లెక్కలవాళ్ళదే పైచేయి. సగటు పక్కన పెట్టి ఒక్క ఆట చూస్తే మాత్రం వింతలే. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెడరర్ 218 పాయింట్లు, జొకోవిచ్ 204; గెలిచినవాడు జొకోవిచ్. 2010లో మూడు రోజులు సాగిన ఐస్నర్–మాహూ ఆటలో 502 పాయింట్లు గెలిచిన మాహూ ఓడాడు, 478 గెలిచిన ఐస్నర్ నెగ్గాడు. ఇక 1981లో మన విజయ్ అమృతరాజ్ క్వార్టర్ ఫైనల్లో ఇదే కానర్స్ మీద 6-2, 7-5తో మొదటి రెండు సెట్లూ గెలిచినప్పుడు నేను ఒంటరిగా టీవీ ముందు కూర్చుని, కవరూ పెన్సిలూ రెండూ అవతల గదిలో పెట్టి తలుపు వేసుకున్నాను. కానర్స్ 6-4, 6-3, 6-2తో మిగతా మూడూ పట్టుకుపోయాడు. ఆ రోజు మరి జోస్యం చదివినవాడు కానర్స్ కాబోలు.

నా సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ ఏడాది చివర నేను పనిచేసే చోట ఏటా ఇచ్చే అభిప్రాయపత్రంలో నా పై అధికారి, "లెక్కల్లో దిట్ట, నలుగురిని నడిపించే పనికి సరిపోడు" అని రాశాడు. మనలో చాలామంది అలాంటి కాగితం ఒకటైనా చూసి ఉంటారు. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. తరువాత ఆలోచిస్తే, ఆయన రాసింది అబద్ధం కాదు. అప్పటిదాకా సమావేశాల్లో నేను చేసినదాన్ని బట్టి అది సరైన లెక్కే. నేనైనా అదే రాసి ఉండేవాణ్ణి. మూల కూర్చుని, అడిగినదానికి అంకె చెప్పి, కాగితాలు సర్దుకునేవాణ్ణి. మరుసటి నెల బ్రాంచి మేనేజర్లందరికీ కొత్త రేట్లు వివరించే పని ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంటే, అడిగి తీసుకున్నాను. నా కాకినాడ ఇంగ్లీషు వేగంగా మాట్లాడితే ఎవరికీ అర్థం కాదని నాకు తెలుసు. అంచేత చాలా నెమ్మదిగా మాట్లాడాను. అంత నెమ్మదిగా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒకాయన మధ్యలో ఆవలించాడు కూడా. కాని ప్రశ్నలు వచ్చాయి, జవాబులు చెప్పాను, మళ్ళీ పిలిచారు.

ఉప్మా సంగతి. మరుసటి ఆదివారం మగవాళ్ళం ఆరుగురం కలిసి చేశాం. రవ్వ వేయించకుండా పోశాడు ఒకాయన. చెల్లెమ్మగారు ముందే రేడియో విన్నారని బావగారి అనుమానం. ఆ శనివారం పొద్దున పాలు అయిపోయాయని ఆవిడ కారులో దుకాణానికి వెళ్ళి వచ్చారట, కారులో రేడియో ఉందట. ఈ మాట ఆయన ముప్ఫై ఏళ్ళు అంటూనే ఉన్నారు. ఆయన పోయిన తరువాత, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనే అడిగాను. "ఇప్పుడైనా చెప్పండి చెల్లెమ్మగారూ, విన్నారా?" అని. ఆవిడ కాసేపు బావగారి ఫొటోకేసి చూసి, "ఆ ఉప్మాలో ఉప్పు మీరే వేశారు గదూ అన్నయ్యగారూ, రెండుసార్లు?" అన్నారు.